రెండు మీటర్ల కండువాతో తలపాగా: ఎంత బిగించినా ఊడిపోతా ఉంది

కోవూరు కోలాటం

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కోవూరు పక్కన పల్లె. శ్రీరామనవమి ఊరేగింపుకి మగపిల్లల కోలాటం పెట్టాం, 16 మంది. అందరికీ ఎర్ర తలపాగాలు అనుకొని నెల్లూరులో కండువాలు తెచ్చాం. పొడవు 2 మీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు, రెండు కొసల్లో జరీ పట్టీ. నూలే అన్నారు గానీ చేతికి నున్నగా తగలతా ఉంది, పాలిస్టర్ కలిసుంటుందని అనుమానం.

నిలబడితే బాగానే ఉంది. కోపు (ఆటలో అడుగుల వరస) మారి రెండు ఎగుర్లు ఎగిరేసరికి వెనక నుంచి లేచి మొత్తం ఊడొస్తా ఉంది. గట్టిగా బిగిస్తే అరగంటకే కణతలు లాగతా ఉన్నాయి, నుదుటి మీద గీత పడతా ఉంది. ముందువైపు పెట్టిన పిన్నీసు ఒకటి ఆటలో ఊడి కింద పడింది. పిల్లలందరూ చెప్పుల్లేకుండా ఆడేవాళ్లే.

ఈ కండువాలతోనే కుదురుతుందా, వేరే బట్ట కొనాలా? కొనాలంటే ఏ బట్ట, మొత్తం ఎన్ని మీటర్లు? కట్టే పద్ధతి కాస్త వివరంగా చెప్పండి. వీడియోల్లో చూపించేవన్నీ రాజస్థాన్ పాగాలే, తొమ్మిదేసి మీటర్ల బట్ట.

పగ్గం పేనేవాడు

తమ్ముడూ, నీ తలపాగా ఊడేది బిగింపు చాలక కాదు, వెనక కట్టు పడే చోటు తప్పు. తల వెనక చెయ్యి పెట్టి తడుము. చెవుల ఎత్తున, నడిమధ్యలో ఎముక గుబ్బగా తగులుతుంది. కట్టు ఆ గుబ్బ కిందికి దిగాలి. గుబ్బ మీదో, దానికి పైనో పడిందంటే అక్కడి నుంచి తల పైకి సన్నబడతా పోతుంది కదా, కోడిగుడ్డు సన్నకొసకి రబ్బరు బ్యాండు వేసినట్టు అవుతుంది. ఎంత బిగిస్తే అంత తొందరగా పైకి పాకుతుంది. మీ పిల్లలకి నొప్పి, ఊడటం రెండూ కలిసి వచ్చేది ఇందుకే.

రెండు మీటర్లు చాలవనేది నిజం కాదు. లెక్క చూడు. పెద్దవాళ్ల తల చుట్టుకొలత 54 నుంచి 60 సెంటీమీటర్లు. 57 అనుకుందాం. కండువా నడిమి భాగాన్ని నుదుటి మీద పెట్టి రెండు కొసలూ వెనక్కి తెస్తే 57 పోతుంది. వెనక దాటించి మళ్లీ ముందుకు తెస్తే, కింద మడతలు ఉంటాయి కాబట్టి, ఇంకో 65. ఇంకా 78 మిగిలింది, అంటే ఒక్కో కొసకి 39. మెలిపెట్టినందుకు కొంత కురచబడినా, పక్కలకి తీసుకుపోయి దోపుకోవడానికి అది సరిపోతుంది. అయితే కొసనుంచి మొదలుపెట్టి చుట్టుకుంటా పోయే పద్ధతి దీనికి పనికిరాదు. నడిమి నుంచే మొదలుపెట్టాలి.

ఎట్లా కట్టాలంటే:

కండువాను పొడవునా మూడో వంతు లోపలికి మడువు. 60 వెడల్పు 40 అవుతుంది. మడత అంచు నుదుటి వైపు రావాలి, విడి అంచు నడినెత్తి దాటి వెనక్కి వేలాడాలి. పొడవులో సరిగ్గా సగం దగ్గర సుద్దతో చిన్న గుర్తు పెట్టుకో, ఆ గుర్తు ముక్కుకి నేరుగా ఉండాలి. ఇది పక్కకి పోతే చివర్లో ఒక కొస పొడుగు, ఒకటి పొట్టి అయి దోపడానికి అందదు.

మడత అంచు కనుబొమలకి రెండు వేళ్లు పైన. పెట్టాక కనుబొమలు పైకెత్తి దించమను. బట్ట కదిలిందంటే కిందికి ఉన్నట్టే. మాట్లాడినప్పుడు, నవ్వినప్పుడు ఆ చర్మం కదలతానే ఉంటుంది, పది నిమిషాల్లో కట్టు వదులు చేస్తుంది.

రెండు కొసలూ చెవుల పైనుంచి వెనక్కి తీసుకుపోయి, వెనక వేలాడే అంచు మీదుగా, గుబ్బ కింద, ఒకదాని మీద ఒకటి దాటించు. ముడి వెయ్యొద్దు. లాగేటప్పుడు పక్కకి కాదు, కాస్త కిందికి లాగు. బిగింపు అంతా ఇక్కడే, ఈ ఒక్క చోటే. ఆ తర్వాత చుట్లకి బిగింపు అక్కర్లేదు, కూర్చుంటే చాలు.

ఇప్పుడు కొసల్ని మెలిపెట్టాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. పగ్గం పేనేటప్పుడు చూసుంటావు, పోగులన్నీ ఒకవైపుకి మెలిపెట్టి, వాటిని కలిపి ఎదురువైపుకి పేనుతారు. అవి విడిపోవాలని చూసే కొద్దీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఇదీ అంతే. కుడి కొసను ఏ వైపుకి తిప్పావో ఎడమ కొసనూ అదే వైపుకి తిప్పు. రెంటినీ ముందుకు తెచ్చి, నుదుటి పైన ఒకదాని చుట్టూ ఒకటి ఎదురువైపుకి ఒక్క చుట్టు వెయ్యి. కుడి కొస ఎడమ పక్కకి, ఎడమ కొస కుడి పక్కకి పోతాయి. బొటనవేలు రెండింతల లావు ఉంటే చాలు, తాడులాగా గట్టిగా మెలిపెడితే పొడవు తగ్గిపోయి కొస అందకుండా పోతుంది.

మిగిలిన కొసల్ని చెవుల వెనక, మెలి కిందినుంచి పైకి దోపు. పైనుంచి కిందికి దోపితే ఎగిరినప్పుడు బరువుకి జారతాయి. జరీ పట్టీ కనపడాలంటే ఒక కొసను నాలుగు వేళ్ల పొడవు బయటికి విడిచి పెట్టు.

కట్టాక కణత దగ్గర చిటికెన వేలు దూర్చి చూడు. దూరకపోతే బిగువు ఎక్కువ. రెండు వేళ్లు సులువుగా పోతే వదులు.

మగ్గం గుంత

కట్టు సంగతి అన్న బాగా చెప్పాడు. బట్ట సంగతి నేను చెబుతా.

ముందు అది పాలిస్టరో కాదో తేల్చుకోండి. కొసన నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి ముడుచుకొని, ఆరాక గట్టి గుండులా తగులుతుంది. కలిపిన నూలైతే బూడిదలో చిన్నచిన్న గట్టి పలుకులుంటాయి.

పాలిస్టర్ ఉన్నా పారేయక్కర్లేదు. అడుగున పట్టీ వేస్తే నిలుస్తుంది. పాత బనియను బట్టలో 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ సాగే వైపుకి కత్తిరించి, 50 సెంటీమీటర్ల దగ్గర కొసలు కలిపి కుట్టండి. 56, 57 తలకి అది మెత్తగా పట్టుకొని కూర్చుంటుంది. కుట్టు బయటివైపుకి రావాలి, లోపలికి వస్తే అదే గీత పడుతుంది. దీనిమీద కండువా కడితే బట్టకి బట్ట పట్టు దొరుకుతుంది. ఆ పొద్దు తలకి నూనె మాత్రం వద్దని చెప్పండి. నూనె తలమీద ఏ బట్టైనా జారేదే.

కొత్త నూలు కండువాలకి కూడా ఒక చిక్కుంది. అంగడి గంజితో అట్టలాగా ఉంటాయి. మడత మీద మడత జారుతుంది, అంచు నుదుటిని కోస్తుంది. ఒకసారి ఉతికి నీడలో ఆరేసి కట్టండి. ఎర్ర రంగు కాబట్టి ఉతకడం ఎటూ తప్పదు, చెమటకి రంగు దిగితే తెల్లచొక్కాల భుజాలు గులాబీ అవుతాయి. తడిపిన తెల్లగుడ్డతో కండువాను రుద్దండి, గుడ్డకి రంగు అంటుకుంటే ఇంకో రెండు ఉతుకులు పడాలి.

కొత్తగా కొనేటట్టయితే మల్లు గుడ్డ (మల్ అని అమ్మే మెత్తటి నూలు గుడ్డ), లేకపోతే మెత్తటి 60 నంబరు, 80 నంబరు నూలు. నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నం. వెంకటగిరిలో చీరలకి వాడే 100 నంబరు నూలు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ తలపాగాకి పల్చన, మెలిలో దిట్టం రాదు. 20 నంబరు ముతక దుప్పటి నూలైతే ఆరు చుట్లకే కుండంత అవుతుంది. సిల్కు, శాటిన్ జోలికి పోవద్దు.

మన తట్టున తలకి కట్టే గుడ్డల్లో పేరుపడింది చీరాల తేలియా రుమాలు. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన నూలుతో, ఎరుపు నలుపు తెలుపుల్లో నేసే చదరపు గుడ్డ. ఒకప్పుడు గల్ఫు దేశాలకి తలగుడ్డలుగా ఓడలెక్కింది. ఇప్పుడు ఆ నేత తెలంగాణలో పుట్టపాక పేరుమీద నిలబడి ఉంది, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా అక్కడికే వచ్చింది. చెప్పొచ్చేదేంటంటే, చదరపు గుడ్డ తలకి కట్టేటప్పుడు ఐమూలగా, అంటే ఒక మూల నుంచి ఎదురు మూలకి, మడవాలి. 45 అంగుళాల రుమాలు ఐమూలన దాదాపు 64 అంగుళాలు అవుతుంది, అంటే 160 సెంటీమీటర్ల చిల్లర. నిలువున మడిస్తే 45 అంగుళాలే, రెండు చుట్లు కూడా రావు. పైగా బట్ట ఐమూలన కొద్దిగా సాగుతుంది, తలకి కరుచుకుంటుంది. మీ దగ్గర పెద్ద చదరపు స్కార్ఫులు ఉన్నా ఇదే లెక్క.

హార్మోనియం పెట్టె

కోలాటానికి రెండు మీటర్లది చాలు, నేనూ ఒప్పుకుంటా. కానీ ముందు నడిచే ఇద్దరికైనా పెద్ద పాగా ఉంటే ఊరేగింపుకి నిండుదనం. పద్యనాటకాలకి కట్టే పద్ధతి ఇది. మనిషికి నాలుగున్నర మీటర్లు.

వెడల్పు 55 దాకా ఉన్న గుడ్డను ఇద్దరు చెరో కొసా పట్టుకొని పొడవునా మూడు మడతలు వెయ్యాలి, 18 సెంటీమీటర్ల పట్టీ వస్తుంది. ఇద్దరూ లాగిపట్టి మడవకపోతే నడుమ ముడతలు పడి, చుట్టేటప్పుడు ఒకచోట లావు, ఒకచోట పల్చన అవుతుంది. ఒక్కడివే ఉంటే ఒక కొస కిటికీ ఊచకి కట్టుకో.

మొదటి కొస ఒక మూర, అంటే 45 సెంటీమీటర్లు, వెనక వేలాడేటట్టు విడిచి, ఎడమ చెవి వెనక ఒక వేలితో అదిమి పట్టు. మొదటి చుట్టు అడ్డంగా, సమంగా, గుబ్బ కిందినుంచి నుదుటి మీదికి. పునాది ఇదే. ఇది వంకర పోతే ఎన్ని చుట్లు వేసినా సర్దుకోదు, విప్పి మళ్లీ మొదలుపెట్టడమే. రెండో చుట్టు కుడివైపు ఎత్తుగా, ఎడమవైపు దిగువగా. మూడోది దానికి తారుమారు. ఇట్లా మార్చి మార్చి వేస్తే నుదుటి మీద మడతలు గోపురం వాలులా రెండుపక్కలకీ దిగతాయి. ప్రతి చుట్టుకీ కింది చుట్టు రెండు వేళ్ల మందం కనపడాలి. అన్నీ ఒకచోటే పడితే దిండు కట్టుకున్నట్టు ముందుకు పొడుచుకొస్తుంది.

నాలుగున్నర మీటర్లలో విడిచిన మూర, చివర దోపుకి 30 సెంటీమీటర్లు తీసేస్తే 375 మిగులుతుంది. చుట్టుచుట్టుకీ కొలత పెరగతా పోతుంది కాబట్టి ఐదున్నర చుట్లు లెక్క. ఆరో చుట్టు కోసం పీకొద్దు. చివరి కొస వెనకవైపు, కింది నాలుగు మడతల్లోకి దోపాలి. అప్పుడు మొదట విడిచిన మూరను విప్పి వెడల్పు చేసి, నడినెత్తి మీదుగా ముందుకు తెచ్చి, నెత్తి కనపడకుండా పరిచి, చుట్ల లోపలికి దోపితే అయిపోయింది. తురాయి కావాలంటే ఆ కొసనే విసనకర్ర మడతలు పెట్టి నాలుగు వేళ్లు పైకి విడవాలి. దానికి మాత్రం చిక్కటి గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యాలి. మిగతా గుడ్డకి గంజి తగలకూడదు.

నా మాట వింటే 16 మందికీ పొద్దున్నే తలమీద కట్టే పని పెట్టుకోవద్దు. ఒక్కొక్కరికి ఆరేడు నిమిషాలంటే రెండు గంటలు అక్కడే పోతాయి, చివరివాడికి కట్టేసరికి మొదటివాడిది వదులవుతుంది. ముందురోజు ఎవరి తలమీద వారికే కట్టి, అదే రంగు దారంతో ఆరు చోట్ల టాకాలు వేసి, టోపీలా తీసి పెట్టుకోండి. వెనక గుబ్బ కింద రెండు, చెవుల దగ్గర చెరొకటి, నుదుటి పైన ఒకటి, నడినెత్తిన ఒకటి. లోపల పేరు రాసిన చీటీ కుట్టండి. తలలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ 54కి, 59కి మధ్య ఐదు సెంటీమీటర్ల తేడా.

పగ్గం పేనేవాడు

టాకాలు వేసింది తీసి పెడితే మళ్లీ పెట్టుకునేటప్పుడు వెనక గుబ్బ కిందికి దిగదు అన్నా. దిగేంత వదులుంటే ఎగిరినప్పుడు నిలవదు. నాటకంలో నిలబడి పద్యం పాడే పాత్రకి సరే, కోలాటానికి నా ఓటు తలమీద కట్టుకే.

హార్మోనియం పెట్టె

అది నిజమే. అయితే వెనక రెండు టాకాలు వదిలేసి మిగతా నాలుగే వెయ్యండి. పెట్టుకున్నాక వెనక కొస లాగి బిగించి అక్కడ పిన్నీసు పెట్టాలి. పిన్నీసు వెనకే, ముందు ఎప్పుడూ వద్దు. మూడు మడతలకి తగ్గకుండా పట్టాలి, పట్టీ పొడవు వెంబడి పడుకోబెట్టాలి. నిలువుగా పెడితే లాగుడుకి నోరు తెరుచుకుంటుంది, మీ పిన్నీసు కింద పడింది అందుకే. సూది మొన తలవైపు కాకుండా పైమడతలోనే తిరిగి బయటికి రావాలి.

ఎండన పడ్డోడు

పొలంలో కట్టే తువ్వాలు సంగతి ఎవరూ చెప్పలేదు. 30కి 60 అంగుళాల తువ్వాలు అంటే ఒకటిన్నర మీటరు. దాంతో కోలాటం పాగా రాదు, ఒక చుట్టు వేసి పక్కన దోపుకోవడమే.

రోహిణి కార్తెలో తడిపి కడతారు. ఉదయగిరి, కనిగిరి తట్టున గాలి పొడిగా ఉంటుంది, తడి గుడ్డ గబగబా ఆరతా తలను చల్లబరుస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలోనే చెమ్మ, తడి ఆరదు, చల్లదనం తక్కువ, బరువే మిగులుతుంది. అక్కడ గట్టిగా పిండి కట్టుకోవడం మేలు. తడిగుడ్డకి ముడి వేస్తే నూలు ఉబ్బి బిగుసుకుపోతుంది, పళ్లతో పీకినా రాదు. దోపుడే.

బరువు మోసేటప్పుడు తలపాగా మీదే గంప పెట్టుకోవద్దు, మెలి మీద బరువు ఒరిగి మెడ పక్కకి లాగుతుంది. తువ్వాలు విప్పి చుట్టకుదురు చేసుకోవాలి.

ఇంకొకటి. తలపాగా ఉందని హెల్మెట్ లేకుండా బండెక్కే కుర్రాళ్లు కొందరున్నారు. ఆ మినహాయింపు మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో పాగా ధరించిన సిక్కులకి ఇచ్చింది, మన కోలాటం బృందానికి కాదు.

అద్దంకి అమ్మణ్ణి

మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మందుల వల్ల జుట్టు మొత్తం రాలిన ఆడమనిషికి చున్నీతో తలపాగాలా కట్టాలి. చున్నీ 2 మీటర్ల 25, వెడల్పు 90. నున్నటి తల మీద ఏదీ నిలవడం లేదు, పైగా బట్ట కుట్లు తలకి ఒరుసుకుంటున్నాయి.

సూది దారం

అమ్మణ్ణి, జుట్టు లేని తలకి రెండు సంగతులు మారతాయి. పట్టు ఉండదు, చర్మం నొప్పి చేస్తుంది. అందుకని అడుగున మెత్తటి బనియను బట్ట టోపీ తప్పనిసరి, కుట్లు బయటికి తిప్పి వెయ్యండి. షిఫాన్, జార్జెట్ వద్దు. పది ఉతుకులు పడిన పాత నూలు చున్నీ అన్నిటికంటే మంచిది. జరీ, పూసలు, అద్దాలు ఉన్న కొస కత్తిరించేయండి.

జుట్టు ఉన్నవాళ్ల తలకి వెనక కొంత ఎత్తు ఉంటుంది. అది లేక కట్టు చదునుగా కనపడుతుంది, జారేది కూడా దానివల్లే. ఒక చేతి రుమాలు నాలుగు మడతలు పెట్టి టోపీ పైన, నడినెత్తికి కాస్త వెనగ్గా, రెండు టాకాలతో పట్టించండి. చున్నీని ఐమూలగా మడవొద్దు, దీర్ఘచతురస్రం ఐమూలన మడిస్తే ఒకపక్కే లావవుతుంది. పొడవునా సగానికి మడిచి 45 చేసుకొని, పైన అన్న చెప్పినట్టే నడిమి నుంచి మొదలుపెట్టండి. తేడా ఏంటంటే కొసల్ని మెలిపెట్టకండి, మెలి గట్టిగా ఒత్తుతుంది. చదునుగా, పట్టీలాగే ముందుకు తెచ్చి, ఒక చెవి పైన పక్కకి దాటించి దోపండి. కనుబొమలు కూడా రాలి ఉంటే అంచు రెండు వేళ్లు కాదు, ఒక వేలు ఎత్తునే పెట్టండి, ముఖం నిండుగా ఉంటుంది. చిటికెన వేలు కాదు, ఇక్కడ చూపుడు వేలు సులువుగా దూరాలి. పిన్నీసు అసలే వద్దు. పడుకునేటప్పుడు విప్పేసి ఒట్టి టోపీతో ఉండమనండి.

కోవూరు కోలాటం

అందరికీ దండాలు. కాల్చి చూశాం, గట్టి పలుకులు వచ్చాయి, కలిపిన నూలే. బనియను పట్టీ వేసి, గుబ్బ కింద దాటించి, ఒకే వైపు మెలిపెట్టి కట్టాం. ముప్పావు గంట ఆడారు. ఒకడిది మాత్రం ఊడింది, వాడు కొసలు పైనుంచి కిందికి దోపుకున్నాడు.

పిల్లలకి పెద్ద పాగాలే ముచ్చటగా ఉన్నాయి, వచ్చే ఏడుకి అందరికీ అవే కొందామంటున్నారు. 16 మందికి నాలుగున్నర లెక్కన 72 మీటర్లా?

మగ్గం గుంత

72 అక్కర్లేదు. 44 అంగుళాల వెడల్పు మల్లు తీసుకోండి, నిలువునా రెండుగా చేస్తే 22 అంగుళాల పట్టీలు రెండు వస్తాయి, అంటే 56 సెంటీమీటర్లు. నాలుగున్నర మీటర్ల ముక్కకి ఇద్దరు. ఎనిమిది ముక్కలు, 36 మీటర్లు. ఉతికితే నూలు కుంచించుకుంటుంది, నూటికి ఐదు వేసుకొని 38 అడగండి. ముందు మొత్తం తడిపి ఆరేసి, తర్వాత ముక్కలు చెయ్యండి, లేకపోతే ఒక్కోటి ఒక్కో పొడవు అవుతుంది. నిలువు చీలికకి కత్తెర పెట్టొద్దు, కొసన ఒక గాటు పెట్టి చించితే పోగు వెంబడి నేరుగా వస్తుంది. చించిన అంచు పోగులు ఊడుతుంది కాబట్టి మూడు మడతల్లో దాన్ని లోపలికి పెట్టి, నేత అంచు పైకి కనపడేటట్టు చూసుకోండి.